నడుమ లేచిన గీత

రాయదుర్గంలో ముందు బండలు పుట్టాయి, ఆ తర్వాత మనుషులు వచ్చారు అంటుండేవాడు లింగమూర్తి. ఆ ఊరు చూసినవాళ్ళెవరూ కాదనలేరు. ఇవాళ అద్దాల మేడలు నిలబడ్డ ఆ మెరకల మీద అప్పట్లో ఏనుగుల మంద పడుకున్నట్టు బండలే బండలు. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, చెట్ల నీడన మేకలు. లింగమూర్తి ఆ బండలు కొట్టి కంచెకి పాతే కడీలు, గడపరాళ్ళు తీసి బతికాడు. సుత్తి ఎత్తబోయే ముందు బండకి దండం పెట్టి, మెల్లగా ఒక్క దెబ్బ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖణేలుమంటే రాయి గట్టిదన్నట్టు. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు సాయిలు. ఊరి బడిలో ఉన్నంత చదువూ చదివి, సుత్తి పట్టే ఈడు వచ్చేసరికి లింగంపల్లి దాపున పెద్ద కార్ఖానా లేచింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని పనిలోకి తీసుకుంటున్నారని తెలిసి లింగమూర్తే కొడుకుని వెంటబెట్టుకుపోయి గేటు ముందు నిలబెట్టాడు.

"రాయి నన్ను ఎండల నుంచి లేవనియ్యలే. ఇనుమన్న నిన్ను నీడపట్టున ఉంచుతదేమో, పో కొడకా" అన్నాడు.

సాయిలు మొదట మోతపనిలో చేరాడు. పనైపోయాక అందరూ బీడీలకు పోతే, అతను మాత్రం మిషన్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు. ఎవరికీ అడ్డం వచ్చేవాడు కాదు, ఏదీ ముట్టుకునేవాడు కాదు, ఏదీ అడిగేవాడూ కాదు. ఆ చూపు భీమేశ్వరరావు కంట పడింది. ఆయనది గోదావరి ఒడ్డు. కార్ఖానాలో తయారైన ఇనుప సామాను మంచీచెడ్డా పరీక్షించే షెడ్డు ఆయన చేతి కింద ఉండేది.

"ఏమయ్యా, రోజూ గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూస్తావు. తీర్థం కావాలా ఏంటి?" అన్నాడు ఒకనాడు.

సాయిలు సిగ్గుపడి తల దించుకున్నాడు. మరునాటి నుంచి అతని పని ఆ షెడ్డులోనే.

అక్కడొక పెట్టె ఉండేది. దాని ముఖాన గుండ్రటి అద్దం. అద్దంలో ఆకుపచ్చటి వెలుగు గీత. పెట్టె నుంచి ఒక తీగ, తీగ చివర అరచేతిలో ఇమిడే గుండీలాంటి సాధనం. భీమేశ్వరరావు దాన్ని చేతిలో పెట్టి చెప్పిన పాఠం సాయిలుకి జన్మంతా గుర్తుంది.

"గబ్బిలాన్ని చూశావుగా? చీకట్లో గోడకి కొట్టుకోదు. ఎందుకని?"

"దానికి చీకట్ల కనపడ్తది సార్."

"కనపడదయ్యా, వినపడుతుంది. అది అరుస్తూ ఎగురుతుంది. ఆ అరుపు ఎంత సన్నమంటే మన చెవికి అందదు. గోడకి తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి గోడ ఎంత దూరమో దానికి తెలుస్తుంది. ఈ గుండీ మన గబ్బిలం. లోపల ఒక బిళ్ళ ఉంది. కరెంటు తగిలితే వణుకుతుంది, ఆ వణుకే శబ్దం. ఇనుములోకి పోయిన శబ్దం అంచుకి తగిలి తిరిగొచ్చి బిళ్ళని మళ్ళీ తాకుతుంది. అప్పుడు బిళ్ళలో కరెంటు పుడుతుంది. అది ఇక్కడ అద్దంలో ముల్లులాగా లేస్తుంది. అర్థమైందా?"

"బావిల పిలిస్తే తిరిగి పలికినట్టు."

"అంతే! తొందరగా పలికితే బావి లోతు తక్కువ, ఆలస్యంగా పలికితే లోతెక్కువ."

ముందు కొంచెం మిషను నూనె రాయాలి. గుండీకీ ఇనుముకీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోకుండా అక్కడే వెనక్కి మళ్ళిపోతుంది. నూనె రాసి గుండీ ఆనిస్తే అద్దంలో రెండు ముళ్ళు లేవాలి. ఎడమవైపుది సామాను పై అంచు, కుడివైపుది అడుగు అంచు. ఆ రెంటి నడుమ గీత తిన్నగా పడుకుని ఉంటే సామాను మంచిది. నడుమ ఇంకో ముల్లు లేచిందా, లోపల పగులో గాలిబుడగో ఉన్నట్టే. అప్పుడు ఎర్రసుద్దతో దాని మీద అడ్డగీత కొట్టి పక్కకి తోసెయ్యాలి. కొన్నేళ్ళలో సాయిలు చేయి దానికి ఎంత అలవాటు పడిందంటే, నడుమ ముల్లు కనపడగానే చేయి తనంత తానే ఎర్రసుద్ద మీదకి పోయేది.

తెల్లాపూర్ పిల్ల రుక్కమ్మతో అతని పెళ్ళయింది. లింగంపల్లిలో స్టేషనుకి దగ్గరగా ఒక గది కిరాయికి తీసుకున్నారు. సాయిలు ఎంత మెతకో రుక్కమ్మ అంత గడుసు. పొద్దున లేచి పొయ్యి ముట్టించింది మొదలు ఆమె నోరు ఆడుతూనే ఉండేది. ఆయన "ఊఁ" కొడుతూ ఉండేవాడు. "మా ఇంట్ల మాట్లాడుడు నాది, ఊఁ కొట్టుడు ఆయనది. జీతం మాత్రం ఆయనకే ఇస్తరు" అని పక్కింటివాళ్ళతో నవ్వేది.

ఆ నవ్వు ఒక ఏడాది పాటు మాయమైంది. తొలి కాన్పు తెల్లాపూర్‌లో. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. పుట్టిన బిడ్డ ఏడవలేదు. రుక్కమ్మ తల్లి పోచమ్మ ఆ పసిగుడ్డుని కొత్త గుడ్డలో చుట్టి, ముద్దు పెట్టుకుని, చేను గట్టున మట్టికి అప్పజెప్పి వచ్చింది. దేవుడు ఇచ్చినట్టే ఇచ్చి ఎందుకు తీసుకున్నాడో అని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా ఆ ప్రశ్న చాన్నాళ్ళు వాళ్ళ గుమ్మంలోనే కూర్చుంది.

అందుకే రుక్కమ్మ మళ్ళీ నీళ్ళు పోసుకుందని తెలిసినప్పుడు ఇద్దరూ సంతోషాన్ని దీపంలాగా కొంగు చాటున దాచుకున్నారు. ఆరో నెల వచ్చింది. ఊరి నర్సమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, నెలలకు తగ్గట్టు పొట్ట ఎదగలేదేమో అంది. "పట్నంల పద్మావతమ్మ అని డాక్టరమ్మ ఉన్నది. బాగ చూస్తది. ఆమె దవాఖానల కొత్త మిషిన్ వచ్చింది. కడుపు కొయ్యకుండ, ఎక్స్‌రే తియ్యకుండ లోపలి బిడ్డను కొలుస్తదట. పోయి రాండ్రి" అంది.

పొద్దుటి రైలుకి బయల్దేరారు. నిండుగా నీళ్ళు తాగి రావాలి, మూత్రానికి పోకూడదు అని నర్సమ్మ చెప్పి పంపింది. నాంపల్లి ఇంకా రాకముందే రుక్కమ్మ ముఖం చూడాలి.

"ఏం పరీక్ష ఇది? బిడ్డను చూస్తరా, నన్ను చంపుతరా? చెర్వంత నీళ్ళు మోస్తున్న నేను!"

ఎదురుగా కూర్చున్న ఒక బురఖా ఆమె ఆ అవస్థ చూసి, నవ్వు ఆపుకుని, తన మూట ఒళ్ళోకి తీసుకుని కాళ్ళు చాపుకోమని చోటిచ్చింది. దిగేటప్పుడు చేయి పట్టి దింపి, "అల్లా మంచిగ జేస్తడు బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని మరీ పోయింది. ఆమె పేరేమిటో వీళ్ళకి తెలియదు.

డాక్టరు పద్మావతి పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. గదిలోకి పోగానే సాయిలు ఆగిపోయాడు. బల్ల పక్కన పెట్టె. గుండ్రటి అద్దం. ఆకుపచ్చ గీత. తీగ చివర గుండీ!

"అమ్మా, ఈ మిషిన్ నాకు ఎరుకే!" అన్నాడు. జన్మలో అడక్కుండా అతను చెప్పిన మాట అదొక్కటేనేమో.

"నీకెలా తెలుసయ్యా?"

"మా కార్ఖానల ఉన్నదమ్మా. నేనే చూస్త. ఇనుము లోపట పగుళ్ళు పట్టుకుంటం."

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "అయితే నువ్వూ మావాడివే! మామూలుగా మగవాళ్ళని బయటే ఉంచుతాను. నువ్వుండు. మీ ఆవిడ చేయి పట్టుకుని చూడు. నీకు నేను చెప్పేదేముంది!"

రుక్కమ్మ భర్త వంక అదోలా చూసింది. అంత పెద్ద డాక్టరమ్మ తన పెనిమిటిని మావాడివి అంది. నీళ్ళ బాధ కూడా ఒక్క క్షణం మర్చిపోయింది.

డాక్టరమ్మ నూనె సీసాని వేడినీళ్ళ గిన్నెలో ఉంచి, తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసుకుని, అప్పుడు రుక్కమ్మ పొట్ట మీద రాసింది. చల్లగా తగిలితే తల్లి ఉలిక్కిపడుతుందని. కార్ఖానాలో నూనె ఎవరూ వెచ్చబెట్టరు. సాయిలు ఆ చేతుల్ని చూసి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

గుండీ పొట్ట మీద మెల్లగా కదిలింది. గీత గజిబిజిగా ఊగింది. డాక్టరమ్మ చేత్తో తడుముకుని బిడ్డ తల ఎక్కడుందో పట్టుకుంది. అక్కడ గుండీని అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ అద్దంలోకి చూస్తోంది.

"ఇదుగో తల. ఇటువైపు ఎముక, అటువైపు ఎముక" అంది.

ఎడమన ముల్లు లేచింది. కుడిన ముల్లు లేచింది. రెండూ నిటారుగా, చక్కగా. సాయిలు గుండె నిండింది. నా బిడ్డ తల అనుకున్నాడు.

అప్పుడే ఆ రెంటికీ సరిగ్గా నడుమ మూడో ముల్లు లేచింది.

డాక్టరమ్మ గుండీని ఇంకాస్త తిప్పింది. ముల్లు పోలేదు. ఇంకా స్పష్టమై, సన్నగా, నిటారుగా నిలబడింది. "ఆఁ" అని ఆమె చేయి ఆపేసి, ఎడమ ముల్లు నుంచి కుడి ముల్లు దాకా కొలిచి రాసుకుంది. సాయిలు కుడి చేయి రుక్కమ్మ చేతిలో ఉంది. ఎడమ చేయి తెలియకుండానే ఎర్రసుద్ద ఉండే జేబులోకి పోయి, ఖాళీ జేబులో బిగుసుకుంది.

"మూడు వారాలాగి మళ్ళీ రండి. ఇంకోసారి చూడాలి. అప్పుడు చెప్తాను" అంది డాక్టరమ్మ. బయట ఇంకా ఎంతోమంది ఎదురుచూస్తున్నారు.

ఇంకోసారి చూడాలి. కార్ఖానాలో పగులున్న సామాను గురించి భీమేశ్వరరావు అనే మాట కూడా అదే. సాయిలు నోరు తెరవలేదు. ఎరుకే అని తనే చెప్పాడు కదా. ఎరుకైనవాడికి ఎవరు వివరిస్తారు? ఎరుకైనవాడు ఏమని అడుగుతాడు? ఇంకోటి కూడా ఉంది. అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు రుక్కమ్మ వింటుంది.

తిరుగు రైల్లో రుక్కమ్మ తేలికపడి ఒకటే ముచ్చట్లు. "మావాడివే అన్నది గదా! రేపు నాకు పురుడు గూడ నువ్వే పోస్తవేమో!" అతను ఊఁ కొట్టాడు. ఆ ఊఁ రోజూ కొట్టే ఊఁ కాదని ఆమెకి బేగంపేట దాటకముందే తెలిసిపోయింది.

ఆ మూడు వారాలు సాయిలు ఆమెను నేల మీద కాలు పెట్టనివ్వలేదు. నీళ్ళు తనే మోశాడు. పొయ్యి తనే ముట్టించాడు. డ్యూటీ నుంచి వస్తూ జామకాయలు తెచ్చేవాడు, ఆమె తింటుంటే చూస్తూ కూర్చునేవాడు. కానీ అంతకుముందు రోజూ పొట్ట మీద చేయి వేసి "ఏమంటున్నడు మనోడు?" అని అడిగేవాడు, అది మానేశాడు. చేయి పొట్ట దాకా వచ్చి వెనక్కి పోయేది.

ఒక ఆదివారం తండ్రిని చూడ్డానికి రాయదుర్గం పోయాడు. లింగమూర్తి బండ నీడన కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు.

"నాయినా, బండ లోపట నట్టనడుమ గీత ఉంటే ఏమైతది?"

ముసలాయన కళ్ళు మెరిశాయి. "నట్టనడుమనా? గసొంటి బండ దొరికితె అదృష్టం కొడకా! ఉలి పెట్టి ఒక్క దెబ్బ ఏస్తె చాలు, పుచ్చకాయ లెక్క రెండు పలకలైతది. చెమట గూడ పట్టదు. ఏడున్నదిరా?"

సాయిలు ముఖం తెల్లబోయింది. ఆయన ఇంకా ఆ బండ ఏ గుట్ట మీదుందని అడుగుతూనే ఉన్నాడు. సాయిలు లేచి వచ్చేశాడు. దారిలో ఎల్లమ్మ గుడి ముందు ఆగి, గుళ్ళోకి పోకుండా బయటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తల్లీ, నాకు చూపు ఎందుకిచ్చినవ్? చూడకపోతె నేను గూడ రుక్కి లెక్క నవ్వుకుంట ఉందును గదా" అన్నాడు. ఏమీ కోరలేకపోయాడు. బతికించమని అడగాలో, బాధ లేకుండా తీసుకుపొమ్మని అడగాలో తెలియక చేతులు జోడించి అట్లాగే ఉండిపోయాడు. మనకి అడగడం రాకపోయినా ఆ తల్లికి వినడం వచ్చు. అదొక్కటే మన ధైర్యం.

ఇంటికి రాగానే రుక్కమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల చెప్పేదాంక లోపలికి రానియ్య. ఆ అద్దంల ఏం చూసినవ్?"

"ఏం లేదే."

"ఆడపిల్లనా?"

సాయిలు బిత్తరపోయి చూశాడు.

"ఆడపిల్లే! మిషిన్ల కనపడ్డది, నీకు ఎరుకైంది. అందుకే మూతి గట్ల ముడుసుకున్నవ్. కడుపు మీద చెయ్యి గూడ ఏస్తలేవు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ గొంతు తగ్గలేదు. "ఒక బిడ్డను మట్టిల పెట్టి వచ్చినదాన్ని. ఆడైతే ఏంది, మొగైతే ఏంది, ఏడిస్తె చాలు నాకు. నీకు వద్దంటే చెప్పు, నేను తెల్లాపూర్ల మా అవ్వ కాడ సాదుకుంట."

"అయ్యో, అది కాదే రుక్కీ..."

"మరేంది?"

అతను గుమ్మం బయటే అరుగు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లోపలి నుంచి గిన్నె చప్పుడైంది. చూస్తే పక్కన జొన్నరొట్టె, పప్పు. ఆమె తిను అనలేదు. కానీ రొట్టె మీద నెయ్యి వేసింది.

మర్నాడు షెడ్డులో ఒక ఇనుప కమ్మీ మీద గుండీ ఆనించగానే నడుమ ముల్లు లేచింది. సాయిలు ఎర్రసుద్ద తీశాడు. కమ్మీ మీదకి చేయి పోలేదు.

"ఏమయ్యా, సుద్ద కరిగిపోయేదాకా పట్టుకుంటావా?" అన్నాడు వెనక నుంచి భీమేశ్వరరావు.

"సార్, నడుమ ముల్లు లేస్తె ప్రతిసారి ఖరాబేనా?"

"ఖరాబే. ఒకటే ముద్దగా ఉండాల్సిన ఇనుములో మధ్యన అడ్డం ఎందుకొస్తుంది? అడ్డం ఉంటేనే శబ్దం వెనక్కొస్తుంది." అని, అతని ముఖం చూసి ఆగాడు. "ఏమైంది సాయిలూ? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

అంతే. సాయిలు కమ్మీ మీద తల ఆనించి ఏడ్చేశాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. భీమేశ్వరరావు తన జేబురుమాలు తీసిచ్చాడు. దానికి మిషను నూనె అంటుతుందని కూడా చూసుకోలేదు.

"డాక్టరమ్మని అడిగావా?"

"లేదు సార్. నాకు ఎరుకే అంటి గదా."

"నీకు తెలిసింది ఇనుమయ్యా! నాకు తెలిసిందీ ఇనుమే. మనిషి లోపల ఏ గీత ఎందుకుంటుందో నాకేం తెలుసు, నీకేం తెలుసు? భగవంతుడు మనల్ని అచ్చులో ముద్దగా పోత పోశాడా? ఎల్లుండేగా మళ్ళీ వెళ్ళేది? సెలవు నేను చూసుకుంటాను. వెళ్ళి నోరు తెరిచి అడుగు. ఆమె ఏం చెప్పినా నువ్వు ఇలా ఒక్కడివే ఊహించుకునేదానికన్నా మేలే."

రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ గుండీ పట్టుకుని తల వెతకబోతుంటే, సాయిలు బల్ల చివర పట్టుకుని నిలబడి, "అమ్మా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అమ్మా, నా బిడ్డ తల లోపట పగులున్నదా?"

రుక్కమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "ఏందీ?"

"ఎవరయ్యా నీకు చెప్పింది?" డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

"నేనే చూసిన. నడుమ ముల్లు లేచింది. మా కాడ నడుమ లేస్తె ఖరాబ్ సామానమ్మా. ఎర్రసుద్ద పెడ్తం."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "అయ్యో నాయనా! మూడు వారాల నుంచీ ఇది మోస్తున్నావా? తప్పు నాదయ్యా. నీకు తెలుసన్నావని నేను చెప్పడం మానేశాను." కుర్చీ లాగి, "ఇటు రా. కూర్చో" అంది.

సాయిలు కూర్చున్నాడు. ఆమె వెచ్చటి నూనె వేలితో తీసి అతని చెవికి పైన, కణత దగ్గర రాసింది. గుండీ అక్కడ ఆనించి మెల్లగా తిప్పింది. "ఇప్పుడు అద్దంలోకి చూడు. అది నీ తల."

ఎడమన ముళ్ళ గుంపు లేచింది. కుడిన ఇంకో ముల్లు లేచింది. ఆమె ఇంకాస్త తిప్పింది. రెంటికీ నట్టనడుమ సన్నగా, నిటారుగా మూడో ముల్లు లేచి నిలబడింది.

సాయిలు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"మెదడు ఒక్క ముద్ద కాదయ్యా. అటొక అర, ఇటొక అర. రెంటి మధ్యా దేవుడు పల్చటి తెర కట్టాడు. శబ్దం ఆ తెరకి తగిలి వెనక్కొస్తుంది. నీకుంది, నాకుంది, మీ ఆవిడకుంది. తలకి దెబ్బ తగిలినవాళ్ళు వస్తే నేను ఈ ముల్లే చూస్తాను. నడిమికి ఉంటే ధైర్యం. ఒక పక్కకి జరిగితే లోపల రక్తం గడ్డకట్టి తోస్తోందేమోనని భయపడతాను. నీ బిడ్డకి అది సరిగ్గా మధ్యలో కనపడేదాకా గుండీ తిప్పుతూనే ఉన్నాను, చూశావుగా? అది కనపడితేనే తలని అడ్డంగా సరిగ్గా పట్టుకున్నట్టు. అప్పుడే కొలత నమ్మాలి. అది లేవకపోతే నేను కంగారు పడేదాన్ని."

రుక్కమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మెల్లగా అర్థమైంది ఆమెకి.

"అయితే ఈయన గూడ ఖరాబ్ సామానేనా అమ్మా?"

"అంతేగా మరి!"

"నేను ముందే అనుకున్న" అని నవ్వబోయి, నవ్వు మధ్యలో విరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే చేయి చాచి భర్త భుజం మీద ఒక్కటిచ్చింది. "నేనేమో ఆడపిల్లని చూసి మొకం మాడ్చిండనుకుంటి. లోపట గింత పెట్టుకుని జామకాయలు తెస్తవా నాకు? గా జామకాయలు ఎట్ల మింగిన నేను!"

"ఆడో మగో ఈ ముళ్ళలో కనపడదమ్మా. పుట్టాక చూసుకోండి" అంది డాక్టరమ్మ. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటోందని సాయిలు గమనించాడు. "పడుకో. అసలు చూడాల్సింది ఇప్పుడు చూద్దాం."

గుండీ కదిలింది. ముళ్ళు లేచాయి. ఈసారి నడిమి ముల్లు కోసం సాయిలే ముందు వెతుక్కున్నాడు. అది లేవగానే ఊపిరి వదిలాడు. డాక్టరమ్మ కొలిచి, మొన్న రాసుకున్నదాంతో పోల్చి చూసి, తల ఊపింది.

"మూడు వారాల్లో ఎదగాల్సినంతా ఎదిగింది. మీరు నెలలు లెక్కపెట్టుకోవడంలోనే పొరపాటు జరిగింది. బిడ్డ చిన్నది కాదు, మీరనుకున్నదానికన్నా వయసు తక్కువ. అంతే."

తర్వాత ఆమె ఇంకో చిన్న సాధనం తీసింది. దానికి అద్దం లేదు, చిన్న స్పీకరు ఉంది. అదీ ఇలాంటి శబ్దమేనట. కదిలేదానికి తగిలి వచ్చిన శబ్దం కొంచెం మారి వస్తుందట. ఆ మార్పుని మన చెవికి వినపడేట్టు చేస్తుందట. ఆమె దాన్ని పొట్ట కింది భాగాన ఆనించింది. గరగర. గరగర. ఉన్నట్టుండి గుర్రం దౌడు తీసినట్టు టకటక టకటక టకటక.

"అది నీ బిడ్డ గుండె" అంది.

అన్నేళ్ళుగా ఆ పెట్టె ముందు కూర్చున్న సాయిలు దాని శబ్దం ఎన్నడూ వినలేదు. అది మనిషి చెవికి అందేది కాదు. ఇవాళ వింటున్నాడు. రుక్కమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. దేవుడి పేరే అయివుంటుంది. సాయిలు ఆమె పొట్ట మీద చేయి వేశాడు, ఈసారి వెనక్కి తీసుకోలేదు.

కాన్పు తెల్లాపూర్‌లో వద్దని పట్నంలోనే చేయించారు. రుక్కమ్మకి కావలసింది దొరికింది. బిడ్డ పుట్టగానే గది అదిరేట్టు ఏడ్చింది. ఆడపిల్ల. లింగమూర్తి రాయదుర్గం నుంచి నడిచొచ్చి మనవరాలి వేలు పట్టుకుని, "గట్టిది" అని ఒక్క మాట అని మురిసిపోయాడు.

ఇంటికొచ్చిన వారానికి పోచమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పసిదాన్ని వాటి మీద పడుకోబెట్టుకుని తలకి నూనె అంటుతోంది. సాయిలు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. నేనూ ఒకసారి అని వేలితో మెత్తగా ఆ తల నిమిరాడు. నడినెత్తిన వేలు ఆగిపోయింది. అక్కడ ఎముక లేదు. మెత్తగా ఉంది. పైగా కొట్టుకుంటోంది.

ఊరంతా వినపడేట్టు అరిచాడు. "అత్తమ్మా! గిదేంది? గీడ మెత్తగుంది! గిది గిట్లనే ఉంటదా? నాకు ఎరుక లేదు, చెప్పు!"

పోచమ్మ ఉలిక్కిపడి, చూసి, పడీ పడీ నవ్వింది. "మాడు అల్లుడా, మాడు! పసిపిల్లలందరికీ ఉంటది. పోంగ పోంగ అదే కూడుకుంటది. భయపడకుండ నూనె పెట్టు."

"అందరికీనా?"

"అందరికీ."

"నాకు గూడ ఉండెనా?"

"నీది ఇంకా కూడలేదు!" అంది లోపలి నుంచి రుక్కమ్మ.

సాయిలు అరచేతిలో నూనె పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని వెచ్చజేసుకుని, బిడ్డ మాడు మీద పెట్టాడు.